ఏ జెండా? ఏ ఏడాది? ఏ కర్ర మీద?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

అట్లాంటా, షార్లెట్, డాలస్ వైపు పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఈసారి సగానికి పైగా ఒకే జెండా గురించి. ఎర్ర గుడ్డ మీద నీలం ఇంటూ గుర్తు, ఆ నీలంలో తెల్ల నక్షత్రాలు. పికప్ ట్రక్కుల మీద, ఇళ్ల వరండాల్లో, హైవే పక్కన పెద్ద స్తంభాల మీద కనిపించేది. "కాన్ఫెడరేట్ జెండా" అంటారు దాన్ని. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి దీని సంగతే చూద్దాం.

*

ప్రశ్న: మేం ఇల్లు కొనుక్కుని ఏడాదైంది. రెండిళ్లవతల ఆయన ట్రక్కు వెనక ఈ జెండా కట్టుకుని తిరుగుతాడు. మనిషి మంచివాడే, మా కారు టైరు పోతే ఆయనే వచ్చి మార్చిపెట్టాడు. అడిగితే "ఇది మా దక్షిణాది జెండా, మా తాతలది" అంటాడు. మా అమ్మాయి స్నేహితురాలు ఒక నల్లజాతి పిల్ల. ఆ ట్రక్కు కనిపిస్తే మా వీధిలోకి రావడానికే జంకుతోంది. ఎవరి మాట పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, కమ్మింగ్, జార్జియా

జవాబు: ఆయన మాటని రెండు ముక్కలు చేసి చూడండి. "మా తాతలది" అన్న ముక్క నిజం కావచ్చు. 1861–65 అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైనికులు మోసిన జెండాల్లో ఇదొకటి. వాళ్లలో చాలామంది సొంతంగా ఒక్క బానిసైనా లేని రైతులు. తమ ముత్తాత ఆ జెండా కింద చనిపోయాడని చెప్పుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ దుఃఖం నటన కాదు.

"దక్షిణాది జెండా" అన్న ముక్క దగ్గరే చిక్కు. ఎవరి దక్షిణాది? అమెరికా నుంచి విడిపోయి కాన్ఫెడరసీ పేరుతో వేరే ప్రభుత్వం పెట్టుకున్న 11 రాష్ట్రాల్లో 1860 జనాభా లెక్కల ప్రకారం సుమారు 90 లక్షల మంది ఉండేవాళ్లు. అందులో దాదాపు 35 లక్షల మంది బానిసలు. సౌత్ కరొలినా, మిసిసిపీల్లో అయితే జనాభాలో సగం కంటే ఎక్కువ వాళ్లే. మీ అమ్మాయి స్నేహితురాలి పూర్వీకులు అక్కడివాళ్లయితే ఆ నేలకి ఆ పిల్లా అంతే వారసురాలు. ఇక తెల్లవాళ్లంతా ఒక్కమాట మీద ఉన్నారా అంటే అదీ లేదు. వర్జీనియాలో పడమటి జిల్లాలు ఈ తిరుగుబాటు మాకొద్దని విడిపోయి 1863లో వెస్ట్ వర్జీనియా అయ్యాయి. తూర్పు టెనసీ కూడా చాలావరకు యూనియన్ (విడిపోకుండా మిగిలిన అమెరికా) పక్షమే.

యుద్ధం దేనికి అన్నదాన్ని ఊహించి చెప్పక్కర్లేదు, వాళ్లే రాసిపెట్టారు. తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని 1861 జనవరిలో విడిపోతూ మిసిసిపీ చేసిన ప్రకటన మొదట్లోనే ఒప్పుకుంటుంది. అదే ఏడాది మార్చి 21న సవానాలో కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ మాట్లాడుతూ, నల్లవాడు తెల్లవాడితో సమానం కాదన్నదే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. స్టీఫెన్స్ మీ జార్జియా వాడే.

కాబట్టి మీ పక్కింటాయన అబద్ధమాడుతున్నాడని అనలేం గానీ, ఆయన చెప్పేది సగం కథ. ఆ పిల్ల భయం మిగతా సగం. ఎవరైనా ఈ జెండా అర్థం గురించి వాదిస్తే మూడు సంగతులు అడగండి: ఇది ఆ జెండాల్లో ఏది, ఏ ఏడాది ఎగరేశారు, ఏ కర్ర మీద? స్మశానంలో సైనికుడి సమాధి దగ్గర గుచ్చిన చిన్న జెండాకీ, శాసనసభ గోపురం మీద ఎగిరినదానికీ గుడ్డ ఒకటే, అర్థం వేరు.

*

ప్రశ్న: కాన్ఫెడరసీకి ఎన్ని జెండాలు? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.
– ఒక పోటీ పరీక్షల అభ్యర్థి, రాజమహేంద్రవరం

జవాబు: దేశ జెండాలు మూడు. యుద్ధ జెండా వేరు. ఇప్పుడు అందరూ "కాన్ఫెడరేట్ జెండా" అనేది ఆ యుద్ధ జెండానే. అది ఎన్నడూ సొంతంగా ఆ ప్రభుత్వపు దేశ జెండా కాలేదు.

మొదటిది 1861 మార్చి 4న అలబామాలోని మాంట్‌గోమరీలో ఎగిరింది. ఎరుపు, తెలుపు, ఎరుపు మూడు అడ్డ పట్టీలు, కర్ర పక్క పై మూలలో నీలం గడి, అందులో గుండ్రంగా నక్షత్రాలు. మొదట 7, రాష్ట్రాలు చేరేకొద్దీ 13 దాకా పెరిగాయి. దీని లోపం అదే ఏడాది జూలై 21న మనాసస్ యుద్ధంలో బయటపడింది. అమెరికా జెండాకి ఇది తోబుట్టువులా ఉంటుంది. పొగ కమ్మి, గాలి పడిపోయి, గుడ్డ కర్రకి అతుక్కుపోతే వచ్చే దళం మనదో శత్రువుదో తెలియదు. ఆ రోజు దక్షిణాది జనరల్ బోరెగార్డ్‌కి సరిగ్గా అదే ఎదురైంది. వచ్చేది ఎవరో తేల్చుకోలేక కాసేపు నలిగిపోయాడు.

దాంతో సైన్యం తనకంటూ ఒక గుర్తు కోరింది. కాన్ఫెడరసీ కాంగ్రెస్‌లో జెండా సంఘానికి అధ్యక్షుడైన విలియం పోర్చర్ మైల్స్ దగ్గర అప్పటికే తోసిపుచ్చిన నమూనా ఒకటి ఉంది. దాన్ని చూసి ప్యాంటు జారకుండా భుజాల మీంచి వేసుకునే పట్టీల్లా ఉందని ఎగతాళి చేశారట. ఆయన మొదటి ఊహలో నిలువు, అడ్డం గీతల శిలువ ఉండేది. ఒక మతం గుర్తుని దేశానికి పెట్టొద్దని చార్ల్స్ మోయిజ్ అనే యూదు పెద్దమనిషి ఉత్తరం రాస్తే, శిలువని ఏటవాలుగా తిప్పి ఇంటూ గుర్తు చేశాడు. 1861 నవంబరు 28న వర్జీనియాలోని సెంటర్‌విల్‌లో పట్టు గుడ్డతో కుట్టిన మొదటి జెండాలు దళాలకి ఇచ్చారు. చతురస్రం. కాల్బలానికి 48 అంగుళాలు, ఫిరంగి దళానికి 36, గుర్రపు దళానికి 30. నక్షత్రాలు ఆ మొదటి పట్టు జెండాల్లో 12, తర్వాత 13: విడిపోయినవి 11, పూర్తిగా విడిపోకపోయినా తమవేనని లెక్కేసుకున్న కెంటకీ, మిసోరీ.

రెండో దేశ జెండా 1863 మే 1న వచ్చింది. మొత్తం తెలుపు, మూలన యుద్ధ జెండా. ఈ తెలుపుకి సవానా పత్రికా సంపాదకుడు విలియం థాంప్సన్ చెప్పిన భాష్యం ఏమిటంటే, తాము పోరాడేది తెల్లజాతి ఆధిక్యం కోసమే గనక తెల్ల జెండాయే తగినదని. "వారసత్వం" వాదం చేసేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు. అది అలా ఉంచితే, వాడకంలో ఈ జెండా ఘోరంగా దెబ్బతింది. గాలి లేనప్పుడు మూల గడి మడతల్లోకి పోయి తెల్ల గుడ్డ ఒక్కటే వేలాడేది. చూసేవాళ్లకి లొంగిపోతున్నట్టే. తొందరగా మాసిపోయేది కూడా.

అందుకని 1865 మార్చి 4న కొసన నిలువుగా ఎర్ర పట్టీ కలిపి మూడోది చేశారు. సరిగ్గా 36 రోజులకి, ఏప్రిల్ 9న అపొమాటక్స్‌లో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాడు. కాబట్టి మూడోది కుట్టిందే బహు తక్కువ. ఆ రోజు లొంగుబాటు కబురు తెచ్చిన దక్షిణాది దూత చేతిలో ఉన్నది గిన్నెలు తుడుచుకునే తెల్ల తువాలు. దాని ముక్క వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఒకరకంగా ఆ యుద్ధపు చివరి జెండా అదే.

*

ప్రశ్న: జార్జియా రాష్ట్ర జెండాలోంచి ఆ గుర్తు తీసేశారు కదా. ఇప్పుడున్నది సురక్షితమేనా? బతుకమ్మ వేదిక మీద మూడు రంగుల జెండా పక్కన పెట్టాలనుకుంటున్నాం.
– తెలుగు సంఘం కార్యకర్త, ఆల్ఫరెట్టా

జవాబు: పెట్టుకోండి, అది రాష్ట్ర అధికారిక జెండా. అయితే ఒక్కసారి పైన మొదటి దేశ జెండా వర్ణన మళ్లీ చదవండి. ఎరుపు, తెలుపు, ఎరుపు పట్టీలు, మూలన నీలం గడి, గుండ్రంగా 13 నక్షత్రాలు. ఇప్పటి జార్జియా జెండా అదే నమూనా. నక్షత్రాల మధ్య బంగారు రంగులో రాష్ట్ర చిహ్నం, కింద "దేవుణ్ణి నమ్ముతాం" అన్న మాట చేర్చారు, అంతే.

ఇదెలా జరిగిందంటే: బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తీర్పిచ్చింది. 1956లో జార్జియా శాసనసభ తన జెండాలో మూడింట రెండు వంతులు యుద్ధ జెండాతో నింపింది. 2001లో గవర్నర్ రాయ్ బార్న్స్ దాన్ని మార్పించాడు. వచ్చింది నీలం గుడ్డ, మధ్యలో ముద్ర, కింద అయిదు బుల్లి జెండాల వరస. అమెరికా, కెనడాల 72 జెండాల మీద జెండాల అధ్యయన సంఘం అభిప్రాయం అడిగితే దానికి అట్టడుగు స్థానం దక్కింది. అందులో అన్యాయమేమీ లేదు, దూరం నుంచి చూస్తే బట్టల కొట్టు రసీదులా ఉంటుంది. 2002లో బార్న్స్ ఓడిపోయాడు. 2003లో ఇప్పటి జెండా తెచ్చారు. 2004 మార్చి ఓటింగ్‌లో జనం ముందు పెట్టింది 2001ది, 2003ది మాత్రమే. 1956 జెండా బరిలోనే లేదు. 2003ది తేలిగ్గా గెలిచింది.

గోల చేసే గుర్తు పోయింది, ఎవరూ గుర్తుపట్టని గుర్తు వచ్చింది. రాజకీయంగా గడుసు పని. పెద్దగా గోల రేగకపోవడానికి కారణం కూడా అదే: నల్లవాళ్ల మీదికి వెళ్లిన గుంపులు ఎక్కువగా పట్టుకున్నది యుద్ధ జెండానే, మొదటి జెండా కాదు. జెండాకి భయం పుట్టేది డిజైనులో కాదు, పట్టుకున్న చేతుల్లో.

*

ప్రశ్న: డాలస్ దగ్గర సిక్స్ ఫ్లాగ్స్ పార్కు పేరులో ఆరో జెండా ఇదేనా? పిల్లలు అడుగుతున్నారు.
– ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు: ఆరింటిలో ఒకటి. స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, టెక్సస్ రిపబ్లిక్, కాన్ఫెడరసీ, అమెరికా: టెక్సస్ మీద ఎగిరిన ఆరు జెండాలవి. పార్కులో ఎగరేసింది ఇంటూ గుర్తుది కాదు, మూడు పట్టీల మొదటిది. 2017 ఆగస్టులో ఆ వరస తీసేసి ఆరు కర్రల మీదా అమెరికా జెండాలే పెట్టారు.

*

ప్రశ్న: "వారసత్వమే, ద్వేషం కాదు" అంటారు. యుద్ధం అయ్యాక నూరేళ్లు ఊరుకున్న జెండా మళ్లీ ఎందుకు లేచింది? నిజంగా వారసత్వమే అయితే 1870లోనే ఎగరాలి కదా?
– రిటైర్డ్ చరిత్ర ఉపన్యాసకులు, వరంగల్

జవాబు: మాస్టారూ, అసలు ప్రశ్న మీరే అడిగారు. నూరేళ్లూ ఊరుకోలేదు గానీ మొదట్లో దాని చోటు వేరు: మాజీ సైనికుల కలయికలు, సమాధులు, స్మారక దినాలు. లీ అయితే 1869లో రాసిన ఒక ఉత్తరంలో యుద్ధపు పుండ్లని కెలక్కుండా ఉండడమే మంచిదన్నాడు. 1894లో పుట్టిన కాన్ఫెడరసీ కుమార్తెల సంఘం, 1896లో పుట్టిన కుమారుల సంఘం విగ్రహాలు, పాఠ్యపుస్తకాల ద్వారా బానిసత్వం ప్రసక్తి లేని వీరగాథ ఒకటి తయారుచేశాయి. మిసిసిపీ రాష్ట్ర జెండా మూలలోకి యుద్ధ జెండా వచ్చింది 1894లోనే. నల్లవాళ్ల ఓటు హక్కుని ఊడబెరికిన 1890 రాజ్యాంగం రాసుకున్న నాలుగేళ్లకి.

జెండా సమాధుల దగ్గర్నుంచి నడివీధిలోకి వచ్చింది 1948లో. అధ్యక్షుడు ట్రూమన్ పౌరహక్కుల కార్యక్రమం మీద అలిగి డెమోక్రటిక్ పార్టీలోంచి బయటికొచ్చిన దక్షిణాది నాయకులు అధ్యక్ష ఎన్నికల్లో స్ట్రామ్ థర్మండ్‌ని నిలబెట్టారు. వాళ్ల సభల్లో ఈ జెండాలు రెపరెపలాడాయి. ఆ తర్వాత తేదీలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. 1956 జార్జియా, పైన చెప్పాం. 1961 ఏప్రిల్‌లో యుద్ధం మొదలై నూరేళ్లయిన సందర్భం అంటూ సౌత్ కరొలినా శాసనసభ గోపురం మీదికి ఎక్కించారు, ఉత్సవాలు అయిపోయినా దించలేదు. 1963 ఏప్రిల్‌లో, అలబామా విశ్వవిద్యాలయంలోకి నల్లజాతి విద్యార్థుల్ని రానివ్వమని మాట్లాడ్డానికి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ వచ్చిన రోజున గవర్నర్ జార్జ్ వాలెస్ మాంట్‌గోమరీలో దాన్ని ఎగరేయించాడు. అది 1990ల దాకా దిగలేదు.

నూరేళ్ల పండగ ఒక్కటే కారణమైతే వాలెస్ ఆ రోజునే ఎందుకు ఎంచుకుంటాడు? ఇళ్లలో జెండా పెట్టుకునే మామూలు మనుషుల సంగతి వేరు. వాళ్లలో చాలామందికి అది చేపల వేట, కంట్రీ పాట, ఉత్తరాదివాళ్ల వెటకారానికి ఎదురు సమాధానం. ప్రభుత్వ భవనాల మీద ఎగిరినవాటికి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. వాటి ఉద్దేశం వాటి తేదీల్లోనే ఉంది.

*

ప్రశ్న: సౌత్ కరొలినాలో చర్చిలో కాల్పులు జరిగాక అన్ని జెండాలూ సగానికి దించి ఇదొక్కటే నిండుగా ఎగిరిందని విన్నాను. నిజమా?
– ఒక పాఠకురాలు, షార్లెట్

జవాబు: నిజం. 2000లో ఒక రాజీ కుదిరింది. గోపురం మీంచి దించి, భవనం ముందు సైనిక స్మారకం పక్కన 30 అడుగుల కర్ర మీద పెట్టారు. దాన్ని మార్చాలంటే ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల ఓటు కావాలని చట్టంలో రాశారు. పైగా అది కప్పీతో ఎక్కించి దించే ఏర్పాటు కాదు, కర్రకి బిగించి ఉంటుంది. సగానికి దించడం అనేదే కుదరదు. 2015 జూన్ 17న చార్ల్‌స్టన్‌లోని ఎమాన్యుయేల్ చర్చిలో బైబిల్ చదువుకుంటున్న 9 మందిని ఒక శ్వేతజాతి దురహంకారి కాల్చి చంపాడు. ఈ జెండాతో వాడు దిగిన ఫొటోలు బయటికొచ్చాయి. గోపురం మీద అమెరికా జెండా, రాష్ట్ర జెండా రెండూ సగానికి దిగాయి. కింద ఇది కదల్లేదు. చూసినవాళ్లకి కడుపు మండింది.

జూన్ 27 తెల్లవారుజామున బ్రీ న్యూసమ్ అనే నల్లజాతి యువతి హెల్మెట్, పట్టీలు కట్టుకుని కర్రెక్కి దాన్ని విప్పేసింది. దిగగానే అరెస్టు చేశారు, గంటలోపే కొత్తది కట్టారు. తర్వాత సభలో సవరణ మీద సవరణ పెట్టి సాగదీశారు. జూలై 9 అర్ధరాత్రి దాటాక ప్రతినిధుల సభ 94–20తో ఆమోదించింది. పంజాబీ తల్లిదండ్రుల బిడ్డ, గవర్నర్ నిక్కీ హేలీ ఆ రోజే సంతకం పెట్టారు. వాడిన తొమ్మిది కలాలూ తొమ్మిది కుటుంబాలకి. జూలై 10 ఉదయం జెండా దిగింది.

*

ప్రశ్న: ఆఫీసు పార్కింగ్‌లో, బడిలో, మన కాలనీలో ఈ జెండా ఇబ్బంది పెడితే చట్టం ఏం చెబుతుంది?
– పేరు వద్దన్న పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: ముందు కర్ర ఎవరిదో చూసుకోండి.

సొంత ఇల్లు, సొంత బండి అయితే ప్రభుత్వం ఆపలేదు, రాజ్యాంగం మొదటి సవరణ అడ్డం. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే అది ప్రభుత్వం కాదు, మీరంతా సంతకం పెట్టిన ఒప్పందం. జెండాల నిబంధన ఏముందో ఆ కాగితాల్లో వెతకండి. 2006లో వచ్చిన కేంద్ర చట్టం కాపాడేది అమెరికా జెండా ఒక్కదాన్నే. ఒక జాగ్రత్త: "అమెరికా జెండా తప్ప ఏదీ వద్దు" అని నిబంధన పెట్టిస్తే పంద్రాగస్టున మీ వరండాలో మూడు రంగుల జెండా కూడా పోతుంది. మన వాళ్లు ఈ సంగతి తర్వాత తెలుసుకుని తల పట్టుకుంటారు.

ప్రైవేటు కంపెనీ తన స్థలంలో, తన యూనిఫాం మీద నిషేధించవచ్చు. అలాంటి నిబంధన లేకపోతే, ఒక్క స్టిక్కరు చూశానని కేసు నిలబడదు. మాటలు, వెక్కిరింతలు కూడా తోడై పదేపదే జరుగుతుంటే సంగతి వేరు. తేదీ, సమయం, చోటు, ఎవరున్నారో అదే రోజు రాసుకోండి, ఫొటో తీయండి, హెచ్ఆర్‌కి నోటితో కాక ఈమెయిల్‌లో చెప్పండి. 15 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉద్యోగులున్న చోట సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కి వెళ్లవచ్చు. గడువు 180 రోజులు, టెక్సస్‌లో 300. చాలామంది "చూద్దాంలే" అని ఈ గడువు దాటించుకుంటారు.

ప్రభుత్వ బడిలో పిల్లల దుస్తుల మీద ఈ గుర్తు వల్ల చదువుకి గట్టి ఆటంకం వస్తుందని ఆధారం చూపితే యాజమాన్యం ఆపవచ్చు. ఇక మీ రాష్ట్రం నంబరు ప్లేట్ల మీద ఈ జెండా వేయనంటే, 2015లో సుప్రీంకోర్టు 5–4తో ఒప్పుకుంది. ప్లేటు మీది మాట ప్రభుత్వం మాట అన్నది తీర్పు.

*

ప్రశ్న: పాత సామాన్ల సంతలో "1863 నాటి అసలు జెండా" అని 400 డాలర్లకి అమ్ముతున్నారు. చరిత్ర మీద ఆసక్తితో కొందామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, రాలీ

జవాబు: వద్దు. అసలైనవి ఆ ధరకి సంతలో దొరకవు. యుద్ధంలో పట్టుకున్న జెండాల్ని 1905లో అమెరికా కాంగ్రెస్ దక్షిణాది రాష్ట్రాలకి తిరిగిచ్చేసింది. చాలావరకు మ్యూజియంలలోనే ఉన్నాయి.

అయినా చేతిలోకి తీసుకుంటే చూడాల్సినవి: అసలువి ఉన్ని బంటింగ్ గుడ్డ, లేదా పట్టు, లేదా నూలు. నక్షత్రాలు నూలు గుడ్డ కత్తిరించి కుట్టినవి. రంగు అచ్చు వేసి ఉంటే, నైలాన్ మెరుపు ఉంటే, నక్షత్రాల చుట్టూ జిగ్‌జాగ్ మిషన్ కుట్టు ఉంటే అక్కడే పెట్టేయండి. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేయండి. దారం నీలం తెలుపుగా వెలిగిందంటే అది రెండో ప్రపంచయుద్ధం తర్వాతి రసాయనం. వెలగనంత మాత్రాన అసలుదని కాదు. టీ డికాషన్‌లో ముంచి మచ్చలు తెప్పించినవాటికి మచ్చ మడతల మీదుగా ఒకేలా పాకి ఉంటుంది.

కొలత విషయంలో ఒక తప్పు ప్రచారం ఉంది, చతురస్రమైతేనే అసలుదని. వర్జీనియా సైన్యానిది చతురస్రం, తెల్ల అంచుతో. 1864లో అట్లాంటా చుట్టూ పోరాడిన టెనసీ సైన్యానిది దీర్ఘచతురస్రమే, దాదాపు మూడడుగులు × నాలుగున్నర అడుగులు, అంచు లేకుండా. మీరు చూసింది సరిగ్గా 3 × 5 అడుగులు అయి, కర్ర వైపు రెండు ఇత్తడి రింగులు ఉంటే అది ఈ కాలపు ఫ్యాక్టరీ సరుకు. 10 డాలర్లు ఎక్కువ.

*

ప్రశ్న: మా వాడు అమెరికాలో ఎంఎస్‌కి వెళ్తున్నాడు. ఇక్కడ రోడ్డు పక్క కొన్న టీషర్టు వెనక ఈ గుర్తుంది. ఏదో రాక్ బ్యాండ్‌దట. పెట్టెలో పెట్టనా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: తీసేయండమ్మా. దాని బదులు ఇంకో పచ్చడి సీసా పడుతుంది.